మోకకు ఎండ చాలదన్నారు

పోయినేడు కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూ మా అక్కకు వడదెబ్బ తగిలింది. మళ్లీ ఎండలోకి వెళ్తే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. బావ పోయాక వాళ్ల ఊరు మోకలో సేద్యమంతా ఆమే చూసుకుంటోంది, చెప్తే వినే మనిషి కాదు. అందుకే సోలార్ డ్రయ్యర్ కోసం నేనే అర్జీ పెట్టించాను. దాని అరల్లో కాయలు పోస్తే వాటంతటవే ఎండుతాయి, మనిషి నీడన కూర్చోవచ్చు.

కోతల ముందు సోలార్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. మోకలో ఎండ చాలదట, డ్రయ్యర్ ఇవ్వరట. బళ్లారి జిల్లాలో కూర్చుని ఈ మాట రాయడానికి ఎంత చదువు కావాలో చూద్దామని వెళ్లాను.

"సుమ్నే, ఊరికే చెప్పడం లేదప్పా," అన్నాడు ఏసీ గదిలో ఇంజనీరు. "మీ ఊర్లో ఎండ కొలిచే మిషన్ లేదు. చుట్టుపక్కల వాతావరణ కేంద్రాల రీడింగులు తీసుకోని అంచనా కడతాం. దగ్గరుండే దానికి ఎక్కువ విలువ. మీ ఊరికి దగ్గరుండేది మా కాంపౌండులోనే ఉండాది. దసరా నుంచి దాంట్లో ఎండ తగ్గిపోయుండాది."

"యాడుండాది సార్, చూపిస్తారా?"

కిటికీ బయటే ఉంది. ఎండ పడాల్సిన గాజు మూత మీద అడ్డంగా మూడు విభూతి పట్టెలు, నడుమ ఇంత కుంకుమ బొట్టు. ఆయుధపూజకు మొదలుపెట్టి, ప్రతి శుక్రవారం తన చేతులతోనే కొత్తగా దిద్దుతున్నాడట మహానుభావుడు. మిషన్ కళ్లకు బూడిద పూసి, ఊళ్లో వెలుతురు తగ్గిందని రిపోర్టు రాశాడన్నమాట.

"పైన అద్దమే కదప్పా, లోపల మిషన్‌కేమైతాది?"

బయటికెళ్లి తువ్వాలుతో తుడిచేశాను. అపచారమని గొణిగాడు.

పది రోజులాగి వెళ్తే, తుడిచిన రోజే రీడింగు అమాంతం లేచిందని ఆయనే చెప్పాడు. సిగ్గుపడతాడనుకున్నాను. "ఒకేసారి అంత పెరగకూడదు, మిషన్ తప్పు చూపిచ్చింది" అని ఆ రోజుల్ని అంచనాలోంచి కొట్టేశాడు. నడుమ శుక్రవారం వచ్చింది కాబట్టి అద్దానికి మళ్లీ పట్టెలు పడ్డాయి. ఇలాంటివాడి చేతికి కంప్యూటరిచ్చినవాళ్లననాలి.

మిరపకోత ఎవరికోసమూ ఆగదు. అక్క కాయల్ని ఎప్పటిలాగే కళ్లంలో పోయించింది. నేను వెళ్లేసరికి పక్కింటివాళ్లు ఆమెను అరుగు మీద పడుకోబెట్టి తడిగుడ్డ వేస్తున్నారు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆటో పిలిచి ఎక్కించాను.

బళ్లారి ఆస్పత్రి వరండాలోంచి ఇంజనీరుకు ఫోన్ చేసి, అక్కకు వడదెబ్బని చెప్పాను.

"ఆ ఎండకా?" అన్నాడు. "నీళ్లు తక్కువ తాగుంటాదప్పా."

ఫోన్ పెట్టేసి లోపలికెళ్లాను. అక్క కళ్లు తెరిచి ఉంది. నన్ను చాలాసేపు చూసింది.

"ఎవురప్పా నువ్వు?" అంది.