గొడ్డలి తెగులు

మా తాత పట్వారీ. ఏటా పంటల తనిఖీకి వెళ్లాల్సిన మనిషి, అరుగు దిగకుండానే ఊరి పొలాలన్నీ చూసి, పంటల లెక్క రాసే పహాణీ నింపేసేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, జర్మనీలోని కార్ల్స్‌రూహెలో కూర్చుని ఒక సోవియట్ అధికారి రాసిన కాగితాన్ని వేదంలా నమ్మాను. దీన్నే కాబోలు పీహెచ్‌డీ అంటారు.

నా పరిశోధన రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోవియట్ రైతుల మీద పడ్డ పన్నుల గురించి. పెరట్లో ఉన్న పండ్లచెట్లకూ పన్నే. పాత దస్త్రాల నకళ్లలో ఒక తనిఖీ నివేదిక దొరికింది: ఫలానా ఊళ్లో ఆపిల్ చెట్లన్నీ ఒకే చలికాలంలో తెగులు సోకి చచ్చాయట. ఎగిరి గంతేశాను. ఆ తెగులు మీద ఒక అధ్యాయమే రాసి పారేశాను. అది ప్రొఫెసర్ ఒప్పుకుంటేనే నా స్కాలర్‌షిప్ ఇంకో ఏడాది పొడిగిస్తారు, లేదంటే పెట్టె సర్దుకోవడమే.

మా కింది వాటాలో ఉండే ముసలావిడ యుద్ధకాలంలో సోవియట్లు కజకిస్తాన్‌కు తరలించిన జర్మన్, అక్కడి సమష్టి వ్యవసాయ క్షేత్రంలోనే పెరిగింది. ట్రామ్‌లో పక్కన కూర్చుంటే నా తెగులు కథ గొప్పగా చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది. ఆమె జర్మన్ నా చెవికి మా వరంగల్ మాటలాగే తగిలింది.

"ఏం తెగులు బిడ్డా? గొడ్డలి తెగులు! పన్ను కట్టలేక మా నాయినే నరికిండు. కొమ్మలు నేనే ఈడ్చిన."

"మరి అధికారికి తెల్వదా?"

"తెల్వకేం! మా పొయ్యిల ఆ కట్టెలే మండుతుంటే, ముంగట కూసొని చాయ్ తాగుకుంట రాసిండు తెగులని. నరికిండ్రని రాస్తే నాయిన జైలుకు పోతుండె. పాపం, మంచోడు."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మా తాత పైనుంచి నవ్వే ఉంటాడు. అధ్యాయమంతా తిరగరాశాను. ప్రొఫెసర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి మూడు వారాలు పట్టింది. ఆయన చదివి, "బాగుంది. కాగితం ఏది?" అన్నాడు. నోటిమాట చాలదట, ఆ ముసలావిడే స్వయంగా రాసి సంతకం పెట్టాలట. గడువు శుక్రవారం.

గురువారం ఫారం పట్టుకెళ్లాను. ఆమె నాకు ఆపిల్ కేకు పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, ఫారం రెండుసార్లు చదివింది. నవ్వు ఎటుపోయిందో!

"ఇది ఆఫీసులల్లకు పోతదా?"

"పోతది అమ్మమ్మా. భయమెందుకు, ఆ దేశమే లేదు కదా ఇప్పుడు."

"దేశం పోతది బిడ్డా, కాగితం ఏడికి పోతది?"

కలం తీసి మెల్లగా రాసి, సంతకం పెట్టి, ఫారం నా చేతికిచ్చింది. ఒక్కటే వాక్యం: "మా పెరట్లోని ఆపిల్ చెట్లు తెగులు సోకి చచ్చిపోయాయి."