పెదవులు చూసి వినే మనిషి

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లు పనిలో ఉండగా ఒకరినొకరు కేకేసి పిలుచుకోరు. పిలిచినా లాభం లేదు. ఇరవై సాంచాలు ఒక్కసారి మోగుతుంటే పక్కవాడి పెదవులు చూసి మాట పట్టుకోవాలి. ముప్పై ఏళ్లు అలా బతికిన లక్ష్మీరాజానికి తన చెవులు ఎప్పుడు పోయాయో తెలియనే తెలియదు. ఇంట్లో భార్య వనజ ఎదురుగా నిలబడి మాట్లాడేది, కూతురు నవనీత భుజం తట్టి మాట్లాడేది. వాడకట్టులో సగంమంది అలాంటివాళ్లే కాబట్టి అదొక లోపమని ఎవరికీ తట్టలేదు.

బట్టకు గిరాకీ పోయి సాంచాలు ఆగిపోయాయి. నలభై ఎనిమిదేళ్ల వయసులో, నవనీతకు అయిదో నెల నడుస్తుండగా, లక్ష్మీరాజం పని కోసం షార్జాకు బయలుదేరాడు.

"పుట్టంగనే దాని ఏడుపు ముందుగాల నీకే ఇనిపిస్త బాపూ" అంది నవనీత బస్టాండులో.

"ఫోన్ ఎత్తుకొని కూసుంట బిడ్డా" అన్నాడు.

మొదటి పని కట్టడాల దగ్గర. మలయాళీ మేస్త్రీ వెనక నుంచి హిందీలో అరిచేవాడు. మనవాడు తన పాటికి తాను ఇటుకలు మోసుకుంటూ పోయేవాడు. మేస్త్రీ పొగరనుకున్నాడు. పదకొండో రోజున లక్ష్మీరాజం వెనక్కి వస్తున్న లారీకి అడ్డంగా నడిచాడు. లారీ జానెడు దూరంలో ఆగింది. పనిలోంచి పొమ్మని మేస్త్రీ చెయ్యి ఊపాడు. పాపం, ఆ సైగ మాత్రం చక్కగా అర్థమైంది.

అతనితో ఒకే గదిలో ఉండే మెట్‌పల్లి ముత్తయ్యకు అనుమానం వచ్చింది.

"అన్నా, నీకు ఇనవడదు గదా?"

"ఎందుకు ఇనవడదు? మంచిగనే ఇనవడుతది."

ముత్తయ్య చేత్తో నోరు కప్పుకుని మరో మాట అన్నాడు. లక్ష్మీరాజం ఆ చేతివైపే చూస్తూ ఉండిపోయాడు. పరాయి దేశంలో, పరాయి గదిలో, తాను చెవిటివాడినని అప్పుడు తెలిసింది. తలుపు వైపు తిరిగి ఏడ్చాడు.

ముత్తయ్య మంచివాడు. తాను పనిచేసే లాండ్రీలోనే చేర్పించాడు. ఆ యంత్రాల మోతలో అందరూ చెవిటివాళ్లే, సైగల మీద నడిచే పనే. చిరిగిన దుప్పటి కనిపిస్తే లక్ష్మీరాజం పోగుకు పోగు కలిపి అతికేవాడు. సూపర్‌వైజర్‌కు ముచ్చటేసింది. చెవుల సంగతి మాత్రం అక్కడా చెప్పలేదు, ఇంటికీ చెప్పలేదు. అక్కడ చెబితే పని పోతుంది, ఇంట్లో చెబితే వనజ వచ్చెయ్యమంటుంది.

ఆ దేశంలో వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి, వీడియో కాల్ మాత్రం కలవదు. ఉత్త ఫోనే దిక్కు. అందుకని ముత్తయ్యా అతనూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఫోనులో వనజ అన్నది విని ముత్తయ్య చప్పుడు లేకుండా పెదవులు కదిపేవాడు, లక్ష్మీరాజం జవాబు చెప్పేవాడు. తిన్నవా, సన్నబడ్డవా అనే వనజ మాటలు ముత్తయ్య మీసాల కింద నుంచి వచ్చేవి. కొన్ని మాటలు ముత్తయ్య సిగ్గుపడి మింగేసేవాడు. అవేమిటో లక్ష్మీరాజం ఎన్నడూ అడగలేదు.

ఒక శుక్రవారం పొద్దున, సెలవు రోజు, నవనీత ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "ఆడపిల్ల బాపూ. ఇగో, ఇను" అన్నాయి ముత్తయ్య పెదవులు. అక్కడితో ఆగిపోయాయి.

"ఏమంటున్నది తమ్మీ?"

"పొల్ల ఏడుస్తున్నదన్నా."

"ఎట్ల ఏడుస్తున్నది?"

ముత్తయ్య చూపిద్దామని నోరు తెరిచాడు, చేతకాక మూసేశాడు. లక్ష్మీరాజం ఫోను లాక్కుని ఒక చెవికి, తర్వాత రెండో చెవికి అదుముకున్నాడు. ఫోను వెచ్చగా తగిలింది, అంతే. నాలుగు నెలలుగా ఎదురుచూసింది దీని కోసమే.

"ఇనవడ్డదా అని అడుగుతున్నది" అన్నాయి ముత్తయ్య పెదవులు. అతని కళ్లు నిండిపోయాయి.

లక్ష్మీరాజానికి గుర్తున్న పసిగుడ్డు ఏడుపు ఒక్కటే. ఇరవై మూడేళ్ల కిందటిది, నవనీతది.

"ఇనవడ్డది బిడ్డా, మంచిగ ఇనవడ్డది" అన్నాడు. "అచ్చం నీ లెక్కనే ఏడుస్తున్నది."