మందు లేకుండా అని చెప్పాను

ఇన్నేళ్లుగా నా కొడుకు ఎదుట కూర్చుని అన్నం తింటున్నాను. ప్రతి ముద్దా ఈ చెప్పని మాట మీదుగానే దిగుతుంది.

మాదాపూర్‌లో గుట్టలు పేల్చి కంపెనీల భవనాలు కడుతున్న రోజులు. వాడికి అక్కడే కాపలా పని. కోడలు సుజాతకు థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని, అది అదుపులోకి వచ్చాకే బిడ్డ కోసం చూడమని డాక్టరమ్మ చెప్పింది. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర. కొన్నాళ్లకు నెల తప్పింది. ఆ ఆదివారం నేను ప్రార్థన మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాను. మందూ మాకూ లేకుండా, నా ఉపవాస ప్రార్థనకే దేవుడు బిడ్డనిచ్చాడని. చదువు రాని నన్ను అంతమంది అంతసేపు ఎప్పుడూ చూడలేదు. అందుకే చెప్పానా? అందుకే.

మర్నాడు సుజాత మాత్రల సీసా తీస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఇగ గోలీలు బంద్ చెయ్యి. నిన్న అందరి ముందర నేనేం చెప్పిన?"

"కడుపుతోని ఉన్నప్పుడే గోలి అస్సలు తప్పొద్దన్నది డాక్టరమ్మ. దేవునికి గింత గోలి అడ్డమైతదా అత్తమ్మా?" అని నవ్వింది.

"నన్ను అబద్ధాలదాన్ని చేస్తవా?"

నవ్వు ఆగింది. సీసా నా చేతిలో పెట్టింది.

నాలుగో నెలలో కడుపు పోయింది. మందు మానినందుకేనని డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. రక్తపరీక్ష చూసి, మాత్రలు మానకుండా ఉండాల్సిందని మాత్రం అంది. దవాఖాన వరండాలో నా కొడుకు సుజాతను అడిగాడు. "గోలి మింగనీకె గూడ బద్ధకమేనా నీకు?" ఆమె నా వైపు చూసింది. నేను కొంగు సర్దుకున్నాను. "యాది మరిచిన" అంది, తల దించుకుని.

వాడు ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు. ఆమెకు మళ్లీ కడుపు పండలేదు. కోపం వచ్చినప్పుడల్లా ఆ మాటే ఎత్తుతాడు. నేను పక్క గదిలో వింటాను. ఆమె ఎందుకు చెప్పలేదు? జాలా, భయమా, నేనే చెబుతానని ఎదురుచూసిందా?

ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. గీత వంకరపోతే నా చెయ్యి పట్టుకుని మళ్లీ రాయించేది. రాయడం రాకనే ఇంతకాలం దాచానని నాకు నేను చెప్పుకున్నాను. రాయడం వచ్చి కూడా ఏళ్లయింది. నోరు మొదటి నుంచీ ఉంది.

ఆమె మరవలేదు. సీసా నేను తీసుకున్నాను.

రాశాక నాకు కొంచెం తేలికైంది. ఆమెకు కాలేదు.