ఎత్తినా ఆపని లివర్

కరోనా తగ్గి పనులు మళ్ళీ మొదలైన ఏడాది అది. చిత్తూరులో నాకొక చిన్న ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. మట్టి తవ్వే పెద్ద బండ్లకు వైరింగు, సెన్సర్లు చూడటం నా పని. మామిడి సీజన్ ముగిశాక బంగారుపాళ్యం నుంచి గుణశేఖర్ రెడ్డి అనే రైతు ఫోన్ చేశాడు. ఆయన పాత ఎక్స్‌కవేటర్ ఒకటి కొని బాడుగకు తిప్పుతున్నాడు.

"లోడు ఎత్తేటప్పుడు ఇంజన్ దానంతట అదే డౌన్ అయిపోతా ఉండాది. వచ్చి సూడప్పా" అన్నాడు.

వెళ్ళేసరికి బండి తోట పక్కన ఆగి ఉంది. పసుపు పెయింటు కొత్తగా మెరుస్తోంది. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాడు ముందు చేయించేది పెయింటే. పైన పటారం, లోన లొటారం. డ్రైవర్ ఏడని అడిగాను. బండి జబ్బు డ్రైవర్‌కు తెలిసినంతగా ఓనర్‌కు తెలియదు.

"మునిరత్నం అని, మంచి చెయ్యి. పని మానుకున్నాడు. ఈ బండి కిందనే వాళ్ళ బామ్మర్ది కాలు పోయింది" అన్నాడు రెడ్డి.

జరిగింది ఆయనే చెప్పాడు. మధ్యాహ్నం అన్నానికని మునిరత్నం సీటు దిగాడు. సెల్ఫ్ సరిగా పట్టదు, ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమోనని ఇంజన్ ఆపలేదు. పాత బండ్ల దగ్గర అందరూ చేసే పనే ఇది. దిగేటప్పుడు భుజం మీది తువ్వాలు, బకెట్‌ను ఆడించే జాయ్‌స్టిక్‌కు చిక్కుకుని లాగింది. బకెట్ పళ్ళకు అంటిన బంకమన్ను గీకుతున్న బామ్మర్ది సుబ్రమణ్యం కాలి మీద బకెట్ దిగింది. మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది.

సీటుకు ఎడమ పక్కన సేఫ్టీ లివర్ అని ఒకటి ఉంటుంది. దిగేముందు దాన్ని ఎత్తాలి. ఎత్తితే దాని కింది స్విచ్, నూనె ఒత్తిడితో బకెట్‌ను కదిలించే హైడ్రాలిక్స్‌ను ఆపేస్తుంది. ఆ తర్వాత జాయ్‌స్టిక్‌ను ఎంత లాగినా బండి కదలకూడదు. తొందరలో దాన్ని ఎత్తకుండా పక్కనుంచి జారి దిగేవాళ్ళూ ఉన్నారు.

"ఎత్తే దిగినానని వాడంటాడు. ఎత్తుంటే బకెట్ ఎట్ల దిగుతాదప్పా? వాళ్ళింట్లోనే నమ్మల్యా. పెండ్లాం పుట్టింటికి పోయి కూర్చునింది" అన్నాడు రెడ్డి.

నేను పనిలోకి దిగాను. మానిటర్ మీద థ్రాటిల్ సెన్సర్ ఎర్రర్ ఉంది. ఇంజన్ ఎంత వేగంగా తిరగాలో బండి కంప్యూటర్‌కు వోల్టేజీ రూపంలో చెప్పే సెన్సర్ అది. మల్టీమీటర్ పెడితే రీడింగ్ సరిగానే ఉంది. వైర్ల కట్టను కదిలిస్తే అంకె గంతులేసింది. అంటే సెన్సర్ మంచిదే, దారిలో ఎక్కడో లూజు. కట్ట వెంట వెతికితే ఒక కనెక్టర్‌లో పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. శుక్రవారం పూజకని క్యాబిన్‌ను కూడా పైపు పెట్టి కడుగుతారు. భక్తికి నేను వంక పెట్టను గానీ కనెక్టర్లకు నీళ్ళు పడవు.

దాన్ని శుభ్రం చేశాక, మిగతా కట్ట కూడా చూద్దామని సీటు పక్క ప్లేటు విప్పబోయాను. బోల్టుల తలలు పెయింటు కింద పూడిపోయి ఉన్నాయి. చాకుతో గీకితే గానీ స్పానర్ పట్టలేదు. లోపల రెండు వైర్లు ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టి ఉన్నాయి. మేము జంపర్ అంటాం. అవి ఎక్కడికి పోతున్నాయో పట్టి చూశాను. సేఫ్టీ లివర్ స్విచ్ వైర్లవి. స్విచ్ చెడిపోయి పని మధ్యలో బండి ఆగిపోతుంటే, కొత్తది వేయకుండా ఎవడో వైర్లు కలిపేశాడు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ఇక లివర్ ఎత్తినా దించినా ఒకటే.

రెడ్డిని దూరంగా నిలబెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాను. లివర్ ఎత్తి, జాయ్‌స్టిక్‌ను వేలితో తోశాను. బకెట్ కదిలింది.

"కొనేటప్పుడు అన్నీ సూసినా గదప్పా. ఎత్తినాం, దించినాం, తిప్పినాం" అన్నాడు.

"అన్నీ కదులుతా ఉండాయా అని సూసినావన్నా. ఆగాల్సినప్పుడు ఆగుతాదా అని సూడలేదు."

ఆ వైరు వెంటనే కోసేయమన్నాడు. ఇప్పుడే కోయనని, ముందు ఆ బావాబామ్మర్దులను పిలిపించమని అన్నాను.

మునిరత్నం మోటార్ సైకిల్ మీద, సుబ్రమణ్యం చంకకర్రతో ఆటోలో వచ్చారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బోల్టుల మీద నేను గీకినప్పుడు పగిలిన పెయింటు చూపించాను. ఆ పెయింటు అమ్మకానికి ముందు కొట్టింది కాబట్టి, తర్వాత ఆ ప్లేటు ఎవరూ విప్పలేదని, జంపర్ అప్పటికే ఉందని చెప్పాను. అందరినీ వెనక్కి పంపి, లివర్ ఎత్తి, మళ్ళీ జాయ్‌స్టిక్ తోశాను.

కదిలిన బకెట్‌ను సుబ్రమణ్యం చాలాసేపు చూశాడు. "బావా, నువ్వు ఎత్తే దిగినావు" అన్నాడు.

మునిరత్నం నేల మీద కూలబడ్డాడు. "నాకే నమ్మకం పోయిందిరా. అందురూ అంటా ఉంటే, ఎత్తలేదేమోనని మీ అక్క కాడ ఒప్పుకున్నా" అని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

వైరు కోసి కొత్త స్విచ్ వేసేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. మళ్ళీ పనిలోకి రమ్మని రెడ్డి అడిగితే మునిరత్నం తల అడ్డంగా ఊపాడు. "తప్పు నాది కాదని తెలిసిందన్నా. అయినా బకెట్ దగ్గర మనిషిని సూస్తే నా చెయ్యి ఆడదు."

ఆ తర్వాత పాత బండి ఏది వచ్చినా, ఓనర్ చెప్పే జబ్బు వినకముందే లివర్ ఎత్తి జాయ్‌స్టిక్ లాగి చూస్తున్నాను. ప్రమాదం జరిగిన బండి అయితే ప్లేట్లన్నీ విప్పేదాకా డ్రైవర్ గురించి ఎవరినీ మాట్లాడనివ్వను. పదిమంది అంటే మనిషి తన చెయ్యి చేసిన పనిని తానే నమ్మడం మానేస్తాడని ఆ రోజే చూశాను.

ఆ రోజు వాళ్ళు వెళ్ళేటప్పుడు సుబ్రమణ్యం ఆటో పిలవలేదు. చంకకర్ర నా చేతికిచ్చి, బావ భుజం పట్టుకుని మోటార్ సైకిల్ వెనక ఎక్కి, కర్ర మళ్ళీ అందుకున్నాడు. "ఇంటికి పోనీ బావా. అక్కకు నేను చెప్తా" అన్నాడు.