చెంబులో తెచ్చిన మొక్క

1977 కార్తీకమాసం, మొదటి శుక్రవారం, పొద్దున ఆరూ ఇరవైకి ఇది మొదలైంది. ఆ పూట మా ఊరి చెరువులో గుర్రపుడెక్క మొక్కను నా చేతులతోనే వదిలాను.

ఆ బుధవారమే తిరుపతిలో మా అక్క ఇంటి నుంచి వచ్చాను. వాళ్ళ పెరటి వెనక గుంటలో లేత ఊదారంగు పూలు గుత్తులుగా తేలుతుంటే మనసు ఆగలేదు. ఒక మొక్కను వేళ్ళతో సహా చెంబులో పెట్టుకుని, పూతలపట్టులో బస్సు మారి, చుక్క నీరు ఒలకకుండా ఇల్లు చేర్చాను. గురువారం పూజలో పెట్టాను. తెల్లారేసరికి పువ్వు వాడింది. పూజ పూలు కాళ్ళ కింద పడకూడదని నీళ్ళలో కలపడం మా ఇంటి పద్ధతి. పువ్వొక్కటే తుంచి వేసి ఉంటే సరిపోయేది. చెంబులో ఉన్నదంతా దేవుడిదే అనుకుని మొక్కనే వదిలేశాను.

పదిహేను రోజులకు ఒకటి రెండయింది. నెలకు నాలుగు. మురిసిపోయి క్యాలెండరు వెనక రాసుకున్నాను. ఆ లెక్కన ఆరు నెలలకు నాలుగువేల తొంభై ఆరు, ఏడాదికి కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. అంత చోటు చెరువులో లేదు కాబట్టి ఆగింది.

1979 ఫిబ్రవరిలో, వరి పొట్టకొచ్చిన వారం, గుర్రపుడెక్క అడ్డుపడి తూములోంచి నీళ్ళు రావడం ఆగిపోయింది. తూము తీసి మూసి కయ్యలకు నీళ్ళు పెట్టే నీరుగంటి ఆ పనిలో మూడో తరం మనిషి. కట్టమీద ఊరంతా చేరి అతన్ని నిలబెట్టారు.

"ఏమబ్బా, తూము కాయమంటే తూములో పండుకున్నావా?" అన్నాడు ఊరి పెద్ద.

"పండుకోనుంటే పరుపు మెత్తగా ఉండాదని నేనే సెప్పుందును గదప్పా" అన్నాడు నీరుగంటి. కొందరు నవ్వారు. పెద్ద నవ్వలేదు.

"ఎగతాళి సాలు. రేపట్నించి తూము పని ఇంగొకరికి."

అతను తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. నలుగురు పిల్లల ఇల్లు అతనిది. ఆడవాళ్ళు కట్టమీద మాట్లాడే అలవాటు మా ఊళ్ళో లేదు. అయినా ముందుకు వెళ్ళి, "ఆ మొక్క తెచ్చింది నేను" అన్నాను. సంవత్సరం, మాసం, వారం, గంట అన్నీ చెప్పాను.

అప్పుడు నీరుగంటి అన్నాడు: "ఆ పొద్దు నేను తూము మింద కూసోనుండా, సూసినా. దేవుని పువ్వు గదా, తియ్యకూడదని ఊరకుంటినమ్మా." ఏడాది పైన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పని పోతున్నా నా పేరు ఎత్తలేదు.

ఇంటికి వెళ్ళాక మా అత్త ఏమంటుందోనని నేను అనుకుంటుంటే, ఆమె అక్కడే, కట్టమీదే, కొంగు చెక్కింది. "పువ్వు దేవునికి పెట్టినావు, బాగుండాది. మొక్కను వదిలినావు సూడు, ఆడ తప్పు. రా పాపా, దిగు" అంటూ అందరికంటే ముందు మోకాటిలోతు నీళ్ళలోకి దిగింది. ఆమె వెనక నేను, నా వెనక ఊరి ఆడవాళ్ళు. మగవాళ్ళు సిగ్గుపడి దిగారు. నాలుగో రోజు మధ్యాహ్నం రెండున్నరకు తూములో నీళ్ళు కదిలాయి. నీరుగంటి పని నిలిచింది. చెరువులోని మొక్కలన్నీ తీయడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది. అప్పటినుంచి ఏటా కార్తీకంలో ఒకరోజు ఊరంతా దిగి, మళ్ళీ మొలిచినవి పీకుతారు.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా అని తర్వాత ఒక పుస్తకంలో చదివాను. పువ్వు బాగుందని ఒకరు తెచ్చుకుంటే, వాళ్ళ దగ్గర చూసి ఇంకొకరు తెచ్చుకుని, దేశాలన్నీ తిరిగిందట. ప్రతిచోటా నాలాంటిది ఒకతె ఉండే ఉంటుంది. అందరికీ అలాంటి అత్త, అలాంటి నీరుగంటి దొరికారో లేదో తెలియదు. నాకు దొరికారు.

పోయినవి: కాలువ చివర మూడు కయ్యల వరి, ఆ ఏడాది చేపలు, కొడవళ్ళు రెండు, మా అత్త ఎడమకాలి మెట్టె ఒకటి, చెరువులో ఉండిన తెల్లకలువలు అన్నీ.