అగ్గిపెట్టె వెనకాల ఓడ

బెకిథెంబా మామయ్యకి లోకంలో రెండే తూనికరాళ్ళు. ఒకటి పాతకాలం నాటి తన రెండు తలుపుల పొడవాటి కూపే కారు, రెండోది మేనకోడలు నొమలాంగ కొత్తగా కొన్న బుల్లి హ్యాచ్‌బ్యాక్ కారు. మనుషుల్ని కూడా వాటితోనే తూచేవాడు.

పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకుని ఎగాదిగా చూసి, "హ్యాచ్‌బ్యాకే. తక్కువ తాగుతాడు, ఎక్కడైనా ఇమిడిపోతాడు. పిల్ల సుఖపడుతుంది" అనేవాడు. చావుకి వెళితే, "కూపే లాంటి మనిషి. తాగితే తాగాడు గానీ, వీధిలోకొస్తే అందరూ పక్కకి తప్పుకునేవాళ్ళు" అని కళ్ళు తుడుచుకునేవాడు.

ఒక ఆదివారం పాస్టరుగారు పరలోకానికి దారి ఇరుకని చెబుతుంటే లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఇరుకు దారిలో మా అమ్మాయి అగ్గిపెట్టె బండి పడుతుంది. నా బండి పట్టదు. మరి నా గతేంటి?"

"బండి బయట పెట్టి నడిచి రావయ్యా."

మామయ్య కిటికీలోంచి తన బండిని చూసుకున్నాడు. "నీడలో పెట్టుకోవచ్చా?"

వాళ్ళ ఊరు బులవాయోలో వీధులు ఎంత విశాలమైనవైనా, కూపే మలుపు తిరిగితే ఇరుకైపోయేవి. దాని ముక్కు మూలమీది బేకరీ దాటిన చాలాసేపటికి గానీ తోక దాటేది కాదు.

నొమలాంగ బండి కొన్న వారానికే సర్కిల్ దగ్గర జనాన్ని ఎక్కించుకు తిరిగే కొంబీ వ్యాను ఒకటి వెనకనుంచి గుద్దింది. దెబ్బలేం తగల్లేదు. కానీ ఆ తర్వాత వెనక హారన్ వినిపిస్తే చాలు, ఆమె నడిరోడ్డు మీదే బ్రేకు తొక్కేసేది. బండికి దుప్పటి కప్పేసి, తను పాఠాలు చెప్పే బడికి నడిచి వెళ్ళసాగింది.

మామయ్య ఊడిపడ్డాడు. "దుప్పటి తియ్యవే. పెట్రోలు నీ బండి తక్కువ తాగుతుందో నాది తక్కువ తాగుతుందో తేలాలి. బడి దాకా పోటీ."

"తేలేదేముంది మామయ్యా? నీది తొట్లకి తొట్లు తాగుతుంది."

"నోటిమాట చెల్లదు. నువ్వు ముందు పద. నేను ముందుంటే నా పొగకి నీ అగ్గిపెట్టె ఉక్కిరిబిక్కిరవుతుంది."

నెలలు గడిచినా పోటీ తేలలేదు. ఒకనాడు ఎదురుగాలి అనేవాడు, ఇంకోనాడు కడుపునిండా సంకటి తినొచ్చాను, బరువెక్కువైంది అనేవాడు. తోటి టీచర్లు కిటికీలోంచి చూసి, "నొమలాంగా, నీ ఊరేగింపొచ్చింది" అని నవ్వేవారు. ఆమెకి తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు కూపే మరమ్మతుకి వెళ్ళింది. నొమలాంగ ఒక్కతే బయల్దేరింది. సిగ్నల్ దగ్గర ఒక కొంబీ డ్రైవరు తల బయట పెట్టాడు.

"అక్కా, మీ వెనకాల ఓడ ఏది?"

"బాగుచేయిస్తున్నారు. ఎందుకూ?"

"ఆ పెద్దాయన మొదటిరోజే బండి దిగొచ్చి మా అందరికీ చెప్పాడు. 'ముందు మా పిల్ల ఉంది, బెదురుతుంది. హారన్ కొట్టాలంటే నాకు కొట్టండి, తిట్టాలన్నా నన్నే తిట్టండి' అని. రోడ్డుకి అడ్డంగా ఆయనుంటే మిమ్మల్ని దాటేదెవడు? రోజూ తిడతాం. చెయ్యూపుతాడు."

నొమలాంగ బడికి చేరి, ఇంజిన్ ఆపింది. అప్పుడు గుర్తొచ్చింది, దారిలో ఎన్ని హారన్లు మోగినా తను ఒక్కసారీ ఉలికిపడి బ్రేకు తొక్కలేదు.

సాయంత్రం పల్లీలు వేసి వండిన గుమ్మడాకు కూర పట్టుకుని మామయ్య ఇంటికి వెళ్ళింది.

"ఒక్కదానివే వెళ్ళావటగా?" అన్నాడాయన, షెడ్డు నుంచి ఇంటికొచ్చిన కూపే కింద దూరి చూసుకుంటూ.

"వెళ్ళాను. నువ్వు లేకపోతే పోటీ ఏముంది మామయ్యా? రేపొస్తావా?"

"రాక? గెలిచేదాకా వదుల్తానా?"

మర్నాడు సర్కిల్ దగ్గర ఆమె అద్దంలో చూసింది. అద్దం నిండా కూపేయే. దాని వెనక హారన్లు మోగుతున్నాయి. మామయ్య పెళ్ళివారికి ఊపినట్టు అందరికీ చెయ్యూపుతున్నాడు. బడి వైపు దారి ఖాళీగానే ఉంది. అయినా నొమలాంగ, ఊరేగింపు అప్పుడే అయిపోకూడదని, సర్కిల్ చుట్టూ ఇంకో చుట్టు తిరిగింది.