ఎర్రకొండల్లో ఒక గది

మరియకుమారికి పెళ్ళయి మూడేళ్ళు. మొగుడితో కాపురం చేసింది మాత్రం నలభై రోజులు. అదీ నరసాపురంలో, పెళ్ళికి పెట్టిన సెలవులో, ఇంటినిండా చుట్టాలుండగా. అలాగని ఇద్దరి మధ్యా సముద్రాలేమీ లేవు. ఆమె దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త ఏలీయా అదే దేశంలో, రువైస్ రిఫైనరీలో ఫిట్టరు. నడుమ సగం రోజు బస్సు ప్రయాణం, అంతే. ఊళ్ళోవాళ్ళు "ఇద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారు, వాళ్ళకేం" అనుకుంటారు. అనుకోనివ్వండి, పాపం వాళ్ళకేం తెలుసు.

ఆమె ఉండేది నర్సుల హాస్టల్లో. మొగుడొస్తే ముందుగదిలో, తలుపు బార్లా తీసి, వాచ్‌మన్ ఎదురుగా గంటసేపు మాట్లాడుకోవచ్చు. అతనుండేది గదికి ఆరుగురు చొప్పున మగవాళ్ళుండే క్యాంపులో. పోనీ హోటల్‌కి వెళదామంటే భార్యాభర్తలమని రుజువు చూపించాలి. ఆమె పాస్‌పోర్టు ఆసుపత్రి ఆఫీసులో ఉంది, అతనిది వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ బీరువాలో ఉంది. పాస్టరుగారు రాసిచ్చిన పెళ్ళి కాగితం చేతిలోనే ఉంది గానీ, ఆ మహానుభావుడు దాన్ని తెలుగులో రాసిచ్చాడు.

ఆమెకు ముప్ఫై మూడు నిండాయి. ఒకరోజు లేడీ డాక్టరు మాటల మధ్య "పిల్లల సంగతి ఇంకెప్పుడు సిస్టర్, వయసు ఆగదు కదా" అంది. ఆ మాట ఆమె లోపల ముల్లులా దిగబడిపోయింది.

దారి చూపించింది జైబున్నీసా. అదే వార్డులో పనిచేసే కర్నూలు పిల్ల. ఆమె భర్త సనావుల్లా ఒక అరబ్బు దగ్గర డ్రైవరు. ఆ అరబ్బుకి హత్తాలో ఖర్జూరపు తోట ఉంది. దుబాయ్‌కి తూర్పున ఇసుకంతా దాటాక ఇటుకరంగు కొండలొస్తాయి, ఆ కొండల మధ్య ఊరు హత్తా. తోటలో తాళం వేసిన గది ఒకటి ఉంది, తాళంచెవి సనావుల్లా దగ్గరే ఉంటుంది. రంజాను పండగనాడు యజమాని కుటుంబం అక్కడే ఉంటుంది, మర్నాడు ఎవరూ ఉండరు.

"రెండో దినం తెల్లార్తానే మా ఆయన మిమ్మల్ని ఆడ దింపుతాడు, సాయంత్రం మళ్ళా తోడ్కొచ్చి బస్సెక్కిస్తాడు. కొండలు బాగుంటాయంట అక్కా, చూసి రాండి," అంది జైబున్నీసా. కొండలు అన్నప్పుడు మాత్రం నవ్వు దాచుకోలేకపోయింది.

జూన్ నెల ఎండల్లో కొండలు చూడబోయేవాళ్ళని ఎవరైనా పిచ్చివాళ్ళంటారు. మరియకుమారి లెక్కచేయలేదు. కొండల గొప్పదనం గురించి ఏలీయాకి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. తనకీ కొండలంటే చిన్నప్పటినుంచీ ప్రాణమని అతను జవాబు రాశాడు. కాలవలూ వరిచేలూ తప్ప ఏమీ ఎరగనివాడికి కొండల మీద ప్రేమ ఎక్కణ్ణించొచ్చిందో మనం అడగకూడదు. ఆమె నైఫ్ బజారుకెళ్ళి ఫ్లాస్కు కొంది, కొత్త దుప్పటి కొంది. పులిహోర, కోడి వేపుడు అనుకుంది. నీలంచీర ఇస్త్రీ చేయించి పెట్టె అడుగున దాచింది.

ఇక సెలవు సంగతి. ఈద్‌కి క్రైస్తవ నర్సులు డ్యూటీ చేస్తే, క్రిస్మస్‌కి ముస్లిం నర్సులు చేస్తారు. ఎప్పటినుంచో అక్కడున్న పద్ధతి అది. ఈద్ రోజు జైబున్నీసా డ్యూటీ తాను చేస్తానని ఒప్పుకుని, ఆ మర్నాడు తనకి సెలవు కావాలంది మరియకుమారి. తేదీ చెప్పమంది మేట్రన్. ఈవిడ హాస్టల్ గోడకున్న కేలండరు చూసి చెప్పింది. నరసాపురం బట్టలకొట్టువాళ్ళు అచ్చువేస్తే అన్నయ్య పోస్టులో పంపిన కేలండరది. అందులో రంజాన్ గురువారం అని ఎర్రటి అంకె. కాబట్టి సెలవు శుక్రవారం. ఇక్కడ నెలవంక మనకంటే ఒకరోజు ముందే కనబడుతుందని ఆరేళ్ళుగా చూస్తూనే ఉంది. అయినా పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పండగలన్నీ అలాంటి కేలండరులోనే చూసుకున్న మనిషి, ఇదీ అందులోనే చూసుకుంది. ఆమెను తిట్టాలనిపిస్తుంది నాకు, తిట్టబుద్ధి కాదు.

మంగళవారం సాయంత్రం ఫిరంగి మోగింది. నెలవంక కనబడింది, తెల్లారితే ఈద్. హాస్టల్లో అమ్మాయిలు గోరింటాకు గిన్నెలు తీశారు. మరియకుమారి మాత్రం మంచమ్మీద కూలబడి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఏలీయాకి సెలవు పండగనాడూ మర్నాడూ, అంటే బుధ, గురువారాలు. గురువారం సాయంత్రం ఏడింటికి కంపెనీ బస్సు, శుక్రవారం తెల్లారే షిఫ్టు. ఆమెకు సెలవు శుక్రవారం. నాలుగుసార్లు లెక్కపెట్టినా అంతే వచ్చింది.

బుధవారం మరియకుమారి, జైబున్నీసా బదులు డ్యూటీ చేస్తూనే, మేట్రన్ గదికి వెళ్ళింది. "లిస్టు ఖలాస్. పైఆఫీసరు, ముదీర్, సంతకం చేసి ఊరెళ్ళిపోయాడు. మార్చడం నా చేతిలో లేదు," అంది మేట్రన్. పండగ రోజుల్లో సగంమందే నర్సులు, పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా. గురువారం జైబున్నీసాకీ అదే షిఫ్టు, ఆమె మాత్రం ఏం చేస్తుంది.

ఆ రాత్రి ఆమె డ్యూటీ దిగాక ఏలీయా సంచీతో హాస్టల్ ముందుగదిలోకొచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"తప్పు నాదేనండీ," అంది ఆమె, అంతా చెప్పి.

"తప్పేముంది మరియా. పోనీలే, కొండలెక్కడికి పోతాయి," అన్నాడతను. వాచ్‌మన్ గడియారం చూసుకున్నాడు.

గురువారం వార్డులో విజిటర్ల వేళ నాలుగు నుంచి ఆరు. డ్యూటీలో ఉన్న నర్సుని చూడ్డానికి ఎవరూ రాకూడదు. గేటు దగ్గర రోగి పేరూ, వచ్చినవాడు ఏమవుతాడో రాయాలి. పదకొండో మంచంమీద హన్మంతు ఉన్నాడు. నిజామాబాద్ వైపు కూలీ, పరంజా మీంచి పడి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలల్లో ఒక్కరూ చూడ్డానికి రాలేదు. మరియకుమారి ఏలీయా చేత గేటు దగ్గర అతని పేరే రాయించింది: వచ్చినవాడు అన్న.

ఏలీయా వచ్చి హన్మంతు పక్కన స్టూలుమీద కూర్చున్నాడు. ఆమె మందులిచ్చింది, కట్లు మార్చింది, జ్వరాలు చూసి రాసింది. పదకొండో మంచం దగ్గరకు రెండుసార్లు పోవాల్సి ఉంటే ఆరుసార్లు పోయింది. దుప్పటి సర్దింది, మళ్ళీ సర్దింది. ఏలీయా నారింజ ఒలిచి హన్మంతుకి పెడుతూ ఆమెనే చూశాడు. మేట్రన్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒక్క మాటా కుదరలేదు.

ఆరింటికి గంట కొట్టాల్సింది డ్యూటీ నర్సే. ఆమె బల్లమీది గంట తీసి కొట్టింది. జనం లేచారు. ఏలీయా లేవలేదు. మేట్రన్ అటు చూసింది. మరియకుమారి వెళ్ళి అతని ముందు నిలబడి, అందరికీ చెప్పే గొంతుతోనే చెప్పింది.

"టైం అయిపోయిందండీ. ఇక బయటికెళ్ళాలి."

అతను సంచీ తీసుకుని, తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆమె హన్మంతు చెయ్యి పట్టుకుని నాడి చూడబోయింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తప్పింది.

"మస్తు మంచోడక్కా గాయన," అన్నాడు హన్మంతు. "గని గంతసేపు నాతోని ఒక్క ముచ్చట సుత సక్కగ చెప్పలె. ఎవరక్కా?"

మేట్రన్ రెండు మంచాల అవతల ఉంది.

"మీ అన్నే," అంది మరియకుమారి.